మిద్దె మీది మాట

ఆసిం పిడికిలి తలుపు మీద దబదబా పడుతూనే ఉంది.

"అనం! తీస్తవా, పలగ్గొట్టాల్నా?"

వంటింటి గడపలో నిలబడి సాలేహా కొడుకు వంక చూసింది. ఆమె చేతికంటిన శనగపిండి ఆరిపోయి పెచ్చులు కడుతోంది.

"ఎవర్ని పిలుస్తున్నవ్‌రా?" అంది మెల్లగా. "దానికి ఇనబడ్తదా?"

ఆసిం చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. పుట్టిన దగ్గర్నుంచీ చెల్లెలికి చెవులు వినపడవని వాడికి తెలియక కాదు. కోపంలో మర్చిపోయాడు.

నిన్న సాయంత్రం మిద్దె మీద అనం ఫోను ముందు పెట్టుకుని, తెర మీద కనిపించే ఎవడో పిల్లవాడితో చేతులు తిప్పుతూ పకపకా నవ్వుతుంటే ఆసిం కంటపడింది. ఫోను లాక్కున్నాడు. అనం గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. అంతే. రాత్రి తిండి లేదు, పొద్దున చాయ్ లేదు. కిటికీ రెక్కలు కూడా లోపల్నుంచి బిగించేసింది.

మధ్యాహ్నం నమాజు అయ్యాక షామీర్‌పేట నుంచి పెళ్లికొడుకు తల్లి వస్తోంది, అనం వేలికి ఉంగరం తొడగడానికి.

"ఇంక అమ్మీ, నువ్వే ఎనకేసుకొస్తున్నవ్," అన్నాడు ఆసిం. "నేను చూడకపోతే ఇంకెన్ని దినాలు నడుస్తుండెనో గా తమాషా. పక్క మిద్దెలోళ్లంత చూస్తున్నరు. మీ చెల్లె గాలిల ఏం గీస్తాంది రా అని నా షాపు కాడికొచ్చి అడుగుతున్నరు."

"నువ్వేం జెప్పినవ్?"

"ఏం జెప్పాలె? నాకేమన్న సమజైతదా అది?"

నిజమే. ఇంట్లో ఎవరికీ సమజ్ కాదు. అనం నగరంలోని మూగ చెవిటి పిల్లల బడిలో పదో తరగతి దాకా హాస్టల్లో ఉండి చదువుకుంది. చేతుల భాష అక్కడే నేర్చుకుంది. ఇంటికొచ్చాక ఆ భాషతో పని పడిన వాళ్లు లేరు. సాలేహాకు తెలిసిన సైగలు కొన్నే. తిను. పండుకో. నమాజు టైమైంది. బయటికి పోవద్దు. అబ్బా కోపంగా ఉన్నడు. ఇప్పుడు తలచుకుంటే అవన్నీ హుకుంలే అనిపించి సాలేహా చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

వాకిట్లో ద్రాక్ష గంపలకు కాగితాలు పరిపిస్తున్న ఆమె భర్త చోటే మియా లోపలికి వచ్చాడు. అత్వెల్లి చుట్టుపక్కల తోటల్లో కాయ గుత్తకు పట్టి బోయిన్‌పల్లి మార్కెట్‌కు పంపడం ఆయన వ్యాపారం. తోటల్లో మాటంటే మాట అని పేరున్న మనిషి. ఇంట్లో మాత్రం మాట తక్కువ.

"ఇంక తియ్యలేదా?"

సాలేహా మూసిన తలుపు వైపు చూసింది.

"ఎవడు వాడు?" అన్నాడు కొడుకుతో.

"సూరారం పోరడు. రహీల్ అంట. ఫోన్ల పేరుంది. వాడు గూడ గట్లాంటోడే, మాట రాదు. దూలపల్లిల అట్టపెట్టెల కంపెనీల పని చేస్తడంట. దీనితోని గా బడిల్నే చదివిండు."

"ఏం మాట్లాడుకున్నరు?"

"నాకేం తెలుసు అబ్బా? చేతులు తిప్పుకుంటుండ్రి. గా టవర్ల కొత్త మిషిన్లు బెట్టినప్పటి నుంచి మొదలైంది గీ కథ. పాత నెట్‌వర్కే ఉంటే ఈ వీడియోలు లేకుండె, గీడియోలు లేకుండె."

చోటే మియా పెదవి కొరుక్కున్నాడు. కిందటి నెల మెయిన్ రోడ్డు పక్క టవర్ మీద త్రీజీ పరికరాలు బిగిస్తున్నామని రెండు మూడు రోజులు ఫోన్లన్నీ మూగబోయినప్పుడు ద్రాక్ష ధర తెలియక కంపెనీ వాళ్లను నోటికొచ్చినట్టు తిట్టింది ఆయనే. తర్వాత ఫోను గంట కొట్టినట్టు పలుకుతుంటే ఊళ్లో అందరికంటే ఎక్కువ సంతోషించిందీ ఆయనే.

"తలుపు పలగ్గొట్టుడు వద్దు," అన్నాడు చివరికి. "పిల్ల బెదిరిపోతది."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు సన్నబడటం సాలేహా గమనించింది. బెదిరిపోయింది పిల్ల కాదు, ఈయనే. లోపల ఏమైనా చేసుకుందేమోనన్న మాట ముగ్గురి నోళ్లలోనూ ఉంది. ఎవరూ పైకి అనలేకపోతున్నారు.

అప్పుడే పక్కింటి సోమయ్య కూతురు పూజ ఉరుకుతూ వచ్చింది. మేడ్చల్ బస్టాండు దగ్గర రీచార్జి షాపులో పనిచేస్తుంది. అనంకు ఉన్న ఒకే ఒక్క వినగలిగే స్నేహితురాలు.

"చాచీ, మీ మెయిన్ స్విచ్ ఏడుంది?"

"ఎందుకే?"

"గబగబ ఆపుకుంట ఎయ్యాలె. లోపల లైటు ఆరుతది, వెల్గుతది. కరెంటు పోతే గట్ల కొట్టుకోదు గదా. ఎవరో పిలుస్తున్నరని ఆమెకు ఎర్కైతది. హాస్టల్ల గట్లనే లేపుతరంట. అనమే చెప్పింది నాకు."

సాలేహా హాల్లో బోర్డు దగ్గరికి నడిచింది. ఆపింది, వేసింది. ఆపింది, వేసింది. నడవాలో ఫ్యాను తడబడింది. తలుపు కింది సందులోంచి వెలుగు ఓసారి వచ్చి, పోయి, మళ్లీ వచ్చింది.

ఇరవై ఏళ్ల పిల్ల. తన పిల్ల. దాని తలుపు ఎలా తట్టాలో తనకు ఇవాళ తెలిసింది.

గడియ తీసిన చప్పుడైంది.

అనం గుమ్మంలో నిలబడింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. జడ సగం ఊడిపోయింది. తల్లి 'తిను' అన్నట్టు వేళ్లు నోటి దగ్గరికి తీసుకెళ్లింది. అనం తల అడ్డంగా ఊపింది. తర్వాత ఆమె చేతులు కదిలాయి. వేగంగా, కోపంగా, ఒకదాన్ని ఒకటి తరుముతున్నట్టు. సాలేహా ఆ చేతుల వెంట కళ్లు పరిగెత్తించింది. ఒక్క ముక్క అందలేదు.

"ఏమంటాందే?"

పూజ నొసలు ముడిచింది. "నాక్కూడ అంత రాదు చాచీ. ఫోన్ ఇయ్యమంటాంది. ఫోన్ల మీతోని మాట్లాడ్తదంట."

"ఫోన్ల నాతోని ఎట్ల మాట్లాడ్తదే?"

"రహీల్ వాళ్ల అక్కకు చేతుల భాష మంచిగొస్తదంట, నజ్‌నీన్ అని. ఆమెకు ఇనొస్తది, మాటొస్తది. అనం చేతుల్తోని చెప్తే ఆమె నోటితోని మీకు చెప్తదంట."

"ఫోన్ నేనియ్య," అన్నాడు ఆసిం, జేబు మీద చెయ్యి వేసుకుని. "ఇంక రెండు గంటలైతే సుట్టాలొస్తరు. ఇప్పుడు వాడితోని మాట్లాడుడేంది?"

"వాడితోని గాదురా," అంది సాలేహా. "నాతోని."

"అమ్మీ, నీకు సమజైతలేదు..."

"అవురా, సమజైతలేదు! నా కడుపుల పుట్టిన పిల్ల ఏమంటాందో నాకే సమజైతలేదు. ఇయ్యి!"

ఆ ఇంట్లో సాలేహా గొంతు లేవడం అరుదు. ఆసిం తండ్రి వైపు చూశాడు. చోటే మియా నేల చూపులు చూస్తున్నాడు. ఆసిం ఫోను తీసి తల్లి చేతిలో పెట్టి, విసురుగా వాకిట్లోకి వెళ్లిపోయాడు.

హాల్లో సిగ్నల్ సరిగా లేదు. పాతకాలపు రాతి గోడలు. పూజ ఫోను చూసి పెదవి విరిచింది. "గీడ 'ఈ' అనే అక్షరం చూపిస్తాంది చాచీ. అంటే పాతదే. ముచ్చట్లకైతే చాలు గని, బొమ్మ కదలదు. మిద్దె మీద టవర్ దిక్కు మూలకు పోతే 'హెచ్' వస్తది, అంటే కొత్త త్రీజీ. అందుకే ఆమె దినాం పైకెక్కేది."

రోజూ సాయంత్రం బట్టలు తీసుకొస్తానని ఈ పిల్ల మిద్దె ఎక్కి అంతసేపు ఎందుకు దిగదో సాలేహాకు అప్పుడు అర్థమైంది.

మార్చి ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. అనం చెప్పులు లేకుండానే పిట్టగోడ మూలకు నడిచి, రెండు ఇటుకలు పేర్చి ఫోను వాటికి ఆనించింది. పూజ దుపట్టాతో ఫోనుకు నీడ పట్టింది.

మొదట బొమ్మ సరిగా రాలేదు. తెర మీద ఒక పిల్లవాడి ముఖం గళ్లు గళ్లుగా విడిపోయి కనిపించింది. వాడు చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే బిగుసుకుపోయింది, మరుక్షణం ఇంకెక్కడో తేలింది. అనం తల కొట్టుకుని 'మళ్లీ' అన్నట్టు వేలు తిప్పింది.

"మన మాట నడుమల నడుమల కట్టయితది చూడు, గట్ల," అంది పూజ. "వీళ్లకు చెయ్యి ఆగితే మాట ఆగినట్టే. ఇంతకుముందైతే ఇద్దరు మెసేజులు పెట్టుకునేటోళ్లు. 'నేను అన్నం. నువ్వు?' గంతే. రాసుడు వాళ్ల భాష గాదు చాచీ. నన్ను ఇంగ్లీషుల కొట్లాడమంటే ఎట్లుంటదో వాళ్లకు గట్ల."

ఉన్నట్టుండి బొమ్మ తేటపడింది. పలచటి మీసం, నలిగిన చొక్కా, భయం నిండిన కళ్లు. పక్కనే తల మీద కొంగు కప్పుకున్న ఓ అమ్మాయి ముందుకు వంగింది.

"అస్సలాము అలైకుమ్ చాచీ. నేను నజ్‌నీన్. రహీల్ వాళ్ల అక్కను."

సాలేహా తడబడుతూ సలాం చెప్పింది.

అనం తల్లి వైపు ఓసారి చూసి చేతులెత్తింది. ఆ చేతులతో పాటు కనుబొమలు, భుజాలు, బుగ్గలు, పెదవులు అన్నీ కదిలాయి. వంచిన తల వంచినట్టే ఉండే ఆ పిల్లలో ఇంత మనిషి ఎక్కడ దాగి ఉందో సాలేహాకు తెలియలేదు. ఫోనులోంచి నజ్‌నీన్ గొంతు కొంచెం వెనకబడి వినిపిస్తోంది.

"'అమ్మీ, షామీర్‌పేట ఆయన ఫోటో చూపెట్టి నా బుగ్గ గిల్లినవ్. అంతే. ఆయన పేరు నాకు ఎవ్వరు చెప్పలే. ఆయనకు ఇద్దరు పిల్లలు ఉన్నరని పూజ చెప్తే తెలిసింది. ఆ పిల్లల పేర్లేంది అమ్మీ?'"

ఆ పిల్లల పేర్లు సాలేహాకూ తెలియవు.

"'ఆసిం భాయ్ చిన్నప్పుడు నన్ను సైకిల్ మీద తిప్పుకుంట నా అరచేతిల అక్షరాలు రాసేటోడు. నేను కనుక్కునేదాన్ని. ఎందుకు ఆపేసిండో అడుగు.'"

మెట్ల దగ్గర అలికిడైంది. ఎప్పుడు వచ్చాడో, ఆసిం మెట్ల గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

సాలేహా ఫోను దగ్గరికి జరిగింది. ఎన్నాళ్లుగానో గొంతులో ఇరుక్కున్న ప్రశ్న ఒకటి ఉంది. ఇన్నాళ్లూ అడగడానికి దారి లేకపోయింది.

"బిడ్డా, నజ్‌నీన్, ఒకటడుగు. హాస్టల్ నుంచి శాశ్వతంగా ఇంటికొచ్చిన నాడు ఇది రాత్రంత ఏడ్చింది. కడుపు నొస్తుందేమో అని నేను వాము నీళ్లు తాపిన. ఎందుకేడ్చిందో అడుగు."

నజ్‌నీన్ చేతులు కదిలాయి. అనం చేతులు నెమ్మదిగా లేచాయి.

"'అక్కడ అందరు నాతోని మాట్లాడేటోళ్లు. ఇంటికొచ్చినంక మాట్లాడేటోళ్లు లేరు. అందరు ప్రేమగ చూస్తరు. ఎవ్వరు మాట్లాడరు. ఇగ ఇట్లనే ఉంటది అని ఏడ్చిన' అంటాంది చాచీ."

సాలేహా కూతురి పక్కకు జరిగి, ఊడిన జడ సర్దింది.

"నేను జేసింది తప్పా మరి?"

ఆ మాట అన్నది చోటే మియా. ఆయన కూడా పైకి వచ్చాడు. కూతురి కోసం కాక, తనలో తాను అనుకుంటున్నట్టు మాట్లాడాడు.

"ఇద్దరు ఇనబడనోళ్లే అయితే ఎట్ల? రేపు పిల్లలు పుట్టి రాత్రి ఏడిస్తే ఎవరింటరు? ఇంట్ల ఒక్కరన్న ఇనొచ్చే మనిషి ఉండాలె అని జేసిన. మేమెన్ని దినాలుంటం?"

ఆయన మాటల్లోని భయం సాలేహాకు కొత్త కాదు. ఎన్నో రాత్రులు ఇద్దరూ ఆ భయాన్ని పక్కలో వేసుకునే పడుకున్నారు. నజ్‌నీన్ ఆ మాటలను చేతుల్లో పెట్టింది. అనం తండ్రినే చూస్తూ జవాబు చెప్పింది.

"'నేను ఏడ్చిన నాడు ఇంట్ల అందరికి ఇనబడింది అబ్బా. ఎందుకేడ్చిననో ఎవరికి తెలిసింది?'"

అనం చేతులు ఆగలేదు.

"'నిఖా నాడు ఒప్పుకున్నవా అని ఖాజీ సాబ్ నన్ను అడగాలె గదా. ఎట్ల అడుగుతడు? నేను తలూపితే చాలంటరు. దేనికి తలూపుతున్ననో నాకు ఎవరు చెప్తరు? అబ్బా, నువ్వు ఇయ్యాల నన్ను అడుగుతవా? వచ్చేటోళ్ల ముంగట అడుగుతవా?'"

ఐదు పూటలా నమాజు తప్పని మనిషి. పిల్ల ఒప్పుకోనిదే నిఖా లేదని ఎందరి పెళ్లిళ్లలోనో పెద్దమనిషిగా కూర్చుని చెప్పినవాడు. ఇప్పుడాయన భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. సాలేహా ఆయన వైపే చూస్తూ నిలబడింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన మౌనాలన్నిటికీ అర్థాలు తెలుసనుకుంది. ఈ మౌనానికి మాత్రం తెలియలేదు.

కింద వాకిట్లో ఆటో ఆగిన చప్పుడైంది.

"వచ్చిండ్రు," అన్నాడు ఆసిం. "జల్దీ వచ్చిండ్రు. అబ్బా, ఏం జేద్దాం?"

"ముందుగాల కిందికి పోదాం పాండ్రి," అన్నాడు చోటే మియా. "కూసోబెట్టి, చాయ్ బోసి, అప్పుడు..."

"కింద సిగ్నల్ లేదు," అంది సాలేహా.

చోటే మియా భార్య వైపు విడ్డూరంగా చూశాడు.

"కింద అడిగితే దీని జవాబు మనకెవరు చెప్తరు ఆసిం అబ్బా? అడిగితే గీడ్నే అడగాలె. లేకుంటే అడుగుడే వద్దు. ఆసిం, కుర్చీలు పైకి పట్టుకరా బేటా. షామీర్‌పేట ఆపాను పైకే రమ్మని చెప్పు."

ఆసిం ఒక్క నిమిషం తల్లిని చూసి కిందికి దిగాడు.

పెళ్లికొడుకు తల్లి బరువైన మనిషి. మెట్టు మెట్టుకూ ఆగుతూ, ఆయాసపడుతూ ఎక్కింది. వెంట ఇద్దరు ఆడవాళ్లు పళ్లేలు పట్టుకుని వచ్చారు. ఎండలో వేసిన కుర్చీలు, ఇటుకల మీది ఫోను, దాంట్లో ముక్కూ ముఖం తెలియని పిల్లవాడు. ఆమె అన్నీ చూసి కుర్చీలో కూలబడి, "ఏంది సాలేహా ఇది? గీ ఎండలకు తెచ్చిండ్రేంది? ఎవరా పిల్లగాడు?" అంది.

"చెప్తం ఆపా," అన్నాడు చోటే మియా. "ముందు నా బిడ్డను ఒక మాట అడగాలె. మీ ముంగట్నే అడగాలె."

ఆయన ఫోను ముందు నిలబడ్డాడు. ఎక్కడ చూడాలో తెలియక మొదట తెర వైపు చూశాడు, తర్వాత కూతురి వైపు తిరిగాడు.

"అనం బేటా. షామీర్‌పేట సంబంధం నీకు ఇష్టమేనా? భయపడకుంట చెప్పు."

నజ్‌నీన్ చేతులు ఆ ప్రశ్నను మోసుకొచ్చాయి. అనం పెళ్లికొడుకు తల్లి ముందుకు నడిచి, మోకాళ్ల మీద కూర్చుని, ఆమె చేతులు రెండూ తన కళ్లకద్దుకుంది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

దానికి నజ్‌నీన్ అవసరం లేకపోయింది.

పళ్లెం పట్టుకున్న ఆడమనిషి "హాయ్ అల్లా" అంది. పెద్దామె మాత్రం ఆ పిల్ల ముఖంలోకి చూసింది. "నా మనవలకు అమ్మ కావాలని వచ్చిన," అంది. "కాదన్న పిల్లను తోలుకపోయి ఏం జేసుకుంట? ముందే అడగకపోతిరి చోటే మియా. ఇంత దూరం రాకపోదును." ఆ గొంతులో కోపం కంటే అలసట ఎక్కువుంది. అనం తల మీద చెయ్యి వేసింది గానీ కుర్చీలోంచి లేవలేదు.

సాలేహాకు గుండె కుదుటపడినట్టే అనిపించింది. అంతలో అనం లేచి మళ్లీ ఫోను ముందుకు వెళ్లింది. ఈసారి ఆమె తల్లిని చూడలేదు, తండ్రిని చూడలేదు. రహీల్‌నే చూస్తూ చేతులు కదిపింది. కాసేపే. ఫోనులోంచి మాట రాలేదు.

"నజ్‌నీన్, ఏమంటాంది బిడ్డా?" అంది సాలేహా.

నజ్‌నీన్ గొంతు సవరించుకుంది. "'నా వంతు అయిపోయింది రహీల్. ఇగ నీ వంతు. మీ అబ్బా పక్క రూంల ఉన్నడు గదా. గిప్పుడే పిలువు. అందరి ముంగట నా పేరు చెప్పి అడుగు' అంటాంది చాచీ." ఆ మాటలు చెప్తూ ఆమె తమ్ముడి వైపు భయంగా చూసింది.

అందరూ తెర మీదికి వంగారు. పెద్దామె కూడా కుర్చీలోంచి ముందుకు జరిగింది.

రహీల్ కదల్లేదు.

"ఆగిపోయిందా ఏంది మళ్ల?" అన్నాడు చోటే మియా. "పూజా, చూడు బిడ్డా."

పూజ తెర మూలకు చూసింది. 'హెచ్' అలాగే ఉంది.

సాలేహా కళ్లు చిట్లించి చూసింది. రహీల్ వెనక కిటికీ పరదా ఫ్యాను గాలికి ఊగుతోంది. పక్కన నజ్‌నీన్ కొంగు సర్దుకుంటోంది. వాడు కనురెప్పలు కూడా ఆర్పుతున్నాడు.

చేతులు మాత్రం ఒళ్లోంచి లేవలేదు.